పన్ను ఒకచోట, కోత ఇంకోచోట

పన్నులు పెరిగినప్పుడల్లా ఇంటి ఖర్చు తగ్గించుకోండి అన్న సలహా వినిపిస్తుంది. బడ్జెట్ వచ్చినా, పెట్రోలు ధర మారినా ఎవరో ఒకరు ఆ మాట అంటూనే ఉంటారు. ఆ సలహా వెనక ఒక నమ్మకం ఉంది. ఏ పన్ను ఎంత పెరిగిందో ఇంటివాళ్లకు తెలుస్తుందని, ఆ పన్ను మోసే వస్తువును తక్కువ కొంటే అంతమేరకు డబ్బు మిగులుతుందని. జీతంలోంచే ఆదాయపు పన్ను కోత పడే నగరపు ఉద్యోగికి ఇది కొంతవరకు వర్తించవచ్చు. ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడ్డ జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో మాత్రం అది నిలబడదు. వరి, పత్తి మీద ఆధారపడ్డ జనగామలోనైనా, మిర్చి చేలు, తండాలు ఉన్న మహబూబాబాద్‌లోనైనా, బొగ్గు గనులూ అడవీ కలిసిన భూపాలపల్లిలోనైనా ఎక్కువ కుటుంబాలు ఆదాయపు పన్ను కట్టేంత సంపాదనకు ఆమడ దూరంలో ఉంటాయి. వాళ్లు కట్టే పన్నులో అధికభాగం వస్తువు ధరలో కలిసిపోయి వస్తుంది. కంటికి కనిపించని దాన్ని తగ్గించుకోవడం ఎలా? కనిపించేదాన్నే తగ్గిస్తారు. అందుకే ఇక్కడ కోత పన్ను పడ్డచోట పడదు, అడ్డుచెప్పేవాళ్లు లేని పద్దు మీద పడుతుంది. పొదుపు సలహాలు చెప్పేవాళ్లు గాని, పన్నులు వేసేవాళ్లు గాని ఈ తేడాను లెక్కలోకి తీసుకున్న దాఖలాలు తక్కువ.

ముందు పన్ను ఎక్కడుందో చూద్దాం. బైకు ట్యాంకు దగ్గర మొదలుపెడితే విషయం తేటగా కనిపిస్తుంది. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం, డీజిల్ మీద 27 శాతం. ఈ రేట్లు 2015 నాటివి. 2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో పెట్రోలు ధర 107.41 రూపాయల దగ్గర ఆగింది, ఢిల్లీలో అప్పుడు 94.72. హైదరాబాద్ ధరలో రాష్ట్రానికి పోయేది సుమారు 27, 28 రూపాయలు. కేంద్ర ఎక్సైజ్ సుంకం 2025 ఏప్రిల్‌లో రెండు రూపాయలు పెరిగి 21.90 అయింది. ఆ పెంపు బంకు బోర్డు మీద కనిపించలేదు, ధర మారలేదు కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అంతర్జాతీయ మార్కెట్లో ముడిచమురు దిగివచ్చిన లాభం వాహనదారు దాకా రాకుండా సుంకంలోకి మళ్లిందని దాని అర్థం. 2025 ఏప్రిల్ లెక్కన రెండూ కలిపితే లీటరుకు 49 రూపాయల దాకా పన్నే. నెలకు పది లీటర్లు పోయించుకునే పాల వ్యాపారి గాని, కూలీలను పొలానికి చేర్చే మేస్త్రీ గాని నెలకు దాదాపు 490 రూపాయలు కడుతున్నాడు. నెలకు ఇరవై వేలు దాటిన జీతగాడు కట్టే వృత్తి పన్ను 200 రూపాయలు. అంటే ఏ పన్ను జాబితాలోనూ పేరు లేని మనిషి, జీతపు చీటీలో పన్ను చూసుకునే మనిషి కట్టే వృత్తి పన్నుకు రెండింతలకు పైగా ఒక్క పెట్రోలు మీదే కడుతున్నాడు. పైగా వ్యాట్ శాతంలో ఉంటుంది కాబట్టి మూలధర పెరిగితే రేటు మార్చకుండానే పన్ను పెరుగుతుంది. దానికి శాసనసభలో ఓటింగు అక్కర్లేదు, ప్రకటన అక్కర్లేదు. ఇక పెట్రోలు తగ్గించుకోవడం అంటారా, బస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చే ఊళ్లో బైకు తీయకపోతే పోయేది కూలి.

జీఎస్టీ కథ ఇంతకంటే వింతగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ తప్పించుకునే సందులు నిజంగానే ఉన్నాయి. 2022 జులై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పిండి, పప్పు లాంటివాటి మీద 5 శాతం పన్ను పడింది, అది 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్లకే. కొద్దిరోజుల్లోనే 26 కిలోల బియ్యం బస్తా మార్కెట్లోకి వచ్చింది. ఆ అదనపు కిలో ఎందుకో కొనేవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. తూకం మారడం మాత్రం అందరూ చూశారు. బస్తా 1,400 రూపాయలనుకుంటే మిగిలేది 70 రూపాయలు. విడిగా తూకం వేయించుకునేవాళ్లకూ పన్ను లేదు. పన్ను పడేది మధ్యలో ఉన్నవాళ్ల మీద, అంటే ఒకేసారి బస్తా కొనే డబ్బు లేక, ఐదు కిలోల, పది కిలోల ప్యాకెట్ తెచ్చుకునే చిన్న జీతగాళ్ల మీద. మిర్చి పండించే జిల్లాలో ఎండుమిర్చి గిర్ని పట్టించుకుంటే జీఎస్టీ మాట రాదు, అదే జిల్లాలో కారం ప్యాకెట్ కొంటే వస్తుంది. పొదుపు అంటే తక్కువ తినడమని కాకుండా కొనే దారి మార్చడమని అనుకుంటే, ఇలాంటి చోట్ల చెప్పదగ్గ సలహా ఉంటుంది. కానీ దారి మార్చడానికి చేతిలో నగదు ఉండాలి. ఊళ్లోని కిరాణంలో ఉద్దెర ఖాతా ఉన్న ఇల్లు తొర్రూరు, జనగామ పట్టణాల అంగళ్లలో చవగ్గా దొరుకుతుందని తెలిసినా అక్కడికి పోలేదు. పంట డబ్బు వచ్చేదాకా ఆదుకునే కొట్టు అదొక్కటే. అలాంటి ఇంటికి 5 శాతం పన్ను కంటే ఉద్దెర మీద షావుకారు వేసుకునే తేడాయే బరువు.

పన్ను తగ్గినప్పుడు కూడా ఇదే వరస. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12, 28 శాతం శ్లాబులు పోయి చాలా వస్తువులు 5 లేదా 18 శాతంలోకి వచ్చాయి. సబ్బులు, టూత్‌పేస్ట్, తలనూనె 18 నుంచి 5కు దిగాయి. 350 సీసీ దాకా బైకులు, సిమెంటు 28 నుంచి 18కి, ట్రాక్టర్లు 12 నుంచి 5కు తగ్గాయి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా మీద 18 శాతం పూర్తిగా పోయింది. బీడీ ఆకు మీద 18 కాస్తా 5 అయింది, బీడీల మీద 28 మాత్రం ఆ తర్వాత 2026 ఫిబ్రవరిలో 18 అయింది. పన్నులు పెరగడం గురించి ఇప్పుడు చర్చ దేనికి, తగ్గాయి కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. తగ్గాయి, కాదనలేం. ఆ తగ్గింపు ఏ రూపంలో ఇంటికి చేరిందో కూడా చూడాలి. పెద్ద సీసా కొనే ఇంటికి డబ్బు రూపంలో చేరింది. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్, రూపాయి షాంపూ పొట్లం కొనే ఇంటికి చేరితే గీరితే గ్రాముల్లో చేరుతుంది, ఎందుకంటే ఆ నాణెం ధరను కంపెనీలు కదపడానికి ఇష్టపడవు. పన్ను పెరిగినప్పుడు అదే ప్యాకెట్లో గ్రాములు తగ్గాయి, అప్పుడూ ఇల్లాలికి చెప్పినవాళ్లు లేరు. నెలకు వెయ్యి రూపాయలు సబ్బులూ పేస్టుల మీద పెట్టే కుటుంబానికి తగ్గింపు పూర్తిగా అందిందనే అనుకున్నా మిగిలేది 110 రూపాయలు, ఏడాదికి 1,320.

ఈ 1,320ని మహబూబాబాద్ జిల్లా మిర్చి రైతు ఇంట్లో పెట్టి చూడండి. ఆ ఇంట్లో సంసారం ఖర్చు వేరు, సాగు ఖర్చు వేరు అని రెండు సంచులు ఉండవు, ఒకే సంచి. రసాయన పురుగుమందుల మీద జీఎస్టీ 18 శాతం. 2025 సంస్కరణలో తగ్గింది కొన్ని జీవ పురుగుమందులకే. మిర్చికి తామరపురుగు తగిలిన ఏడాది ఎకరానికి మందులకే 30 వేలు అయిందనుకుంటే అందులో నాలుగున్నర వేలకు పైగా పన్ను. అంటే సబ్బుల మీద ఏడాదంతా మిగిలినదానికి మూడు రెట్లు దాటి ఒక్క ఎకరంలో పోతుంది. వ్యాపారి తను కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్ పేరుతో తిరిగి సర్దుకుంటాడు. రైతు రిజిస్ట్రేషన్ లేనివాడు, సర్దుకునే దారి లేదు, పంట ధరలో కలుపుదామన్నా ధర చెప్పేది అతను కాదు. కేసముద్రంలోనో ఎనుమాముల మార్కెట్లోనో పాట పాడేవాళ్లు చెబుతారు. దుక్కికి ట్రాక్టరు కిరాయిలో డీజిల్ వ్యాట్ ఉంది, కోత మిషను గంట కిరాయిలోనూ ఉంది. ఇంటి ఖర్చు మీద వచ్చే వ్యాసాలు టీ, సినిమా, కొత్త చీర దగ్గర తచ్చాడతాయి తప్ప పురుగుమందుల దుకాణం బిల్లు ముట్టవు. ఈ ప్రాంతంలో ఇంటి ఖర్చు తగ్గింపును గురించి నిజాయితీగా మాట్లాడాలంటే మొదట తెరవాల్సిన చీటీ అదే. పక్క రైతు కొట్టాడని మనమూ కొట్టే నాలుగో పిచికారీ మానేస్తే ఆదా అయ్యేది మందు ధరా, దాని మీది పన్నూ రెండూ. వ్యవసాయ శాఖ సలహా వేళకు అందితేనే అది సాధ్యం. అదృష్టవశాత్తూ ఇది తిండి తగ్గించకుండా చేయగలిగిన పొదుపు.

ఒకే పన్ను ఒకే ఊళ్లో ఇద్దరి మీద ఎదురెదురుగా పనిచేయడం వంటనూనె విషయంలో కనిపించింది. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి, శుద్ధిచేసిన నూనెల మీద 13.75 నుంచి 35.75 శాతానికి పెంచింది. బతుకమ్మకు, దసరాకు పిండివంటలు మొదలయ్యే వేళకు ప్యాకెట్ ధర ఎగబాకింది. అదే సమయంలో పామాయిల్ గెలల ధర కూడా పెరిగింది. ఈ మూడు జిల్లాల్లోనూ ఇప్పుడు ఆయిల్ పామ్ తోటలు పెట్టిస్తున్నారు. తోట ఉన్న ఇంటికి ఆ సుంకం రాబడి, లేని ఇంటికి ఖర్చు. 2025 మే 30న ముడి నూనెల మీద సుంకాన్ని 16.5 శాతానికి దించినప్పుడు లెక్క తలకిందులైంది. పన్ను పెంపు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఊరంతటి తరఫున ఒకే జవాబు ఉండదని దీన్నిబట్టి తెలుస్తుంది. తోటలున్నవాళ్లు తక్కువ, నూనె కొనేవాళ్లు అందరూ అన్నది కూడా మరవకూడదు.

కరెంటు చార్జీ చట్టం దృష్టిలో పన్ను కాదు గాని, ఇంటి లెక్కలో అది సర్కారుకు కట్టేదే, పైగా ఖర్చు తగ్గించుకుంటే ఫలితం కచ్చితంగా కనిపించే ఒకే ఒక్క చోటు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద తెల్లరేషన్ కార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201 అయితే? మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు, ఆ పై ఒక్క యూనిట్‌కు 7.70, ఇవి కాక స్థిర చార్జీ. ఒక్క యూనిట్ తేడాకు వెయ్యికి పైగా. ఎండాకాలంలో కూలర్ ఆపాలా వద్దా అన్నది ఇక్కడ వేడిని బట్టి కంటే మీటరు అంకెను బట్టి నిర్ణయమవుతుంది. ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్లు ఉంటే ఆ నిర్ణయం ఎవరి ఒంటి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. అయినా ఈ ఉదాహరణ ఒక సంగతి రుజువు చేస్తుంది. హద్దు ఎక్కడుందో తెలిసి, దాటితే ఎంత పడుతుందో తెలిస్తే చదువురాని ఇల్లు కూడా లెక్క తప్పదు. పెట్రోలు విషయంలో, నూనె విషయంలో ఆ లెక్క వేయలేకపోవడం జనం అజాగ్రత్త వల్ల కాదు, లెక్క వేసుకునేందుకు ఏమీ కనిపించకపోవడం వల్ల.

మరి కోత ఎక్కడ పడుతుంది? ఫోన్ రీచార్జ్ మీద పడదు. 2024 జులైలో ప్రైవేటు టెలికాం కంపెనీలు ధరలు పెంచినప్పుడు, ఆ ధర మీద 18 శాతం జీఎస్టీ ఉన్నా, జనం రీచార్జ్ చేయించుకుంటూనే ఉన్నారు. కూలి కబురు, పిల్లల చదువు, సర్కారు ఓటీపీ అన్నీ ఆ ఫోన్‌కే వస్తాయి. పెట్రోలు మీద పడదు, కారణం చెప్పుకున్నాం. మద్యం మీద పడదు. పడేది పాల మీద, గుడ్ల మీద, పళ్ల మీద, బీపీ మాత్రల మీద, ఆడపిల్ల పైచదువు మీద. ఊరి దర్జీ, గాజులమ్మే మనిషి, క్షౌరవృత్తిదారు, చెప్పులు కుట్టేవాళ్లు, కల్లుగీత కార్మికుడు, వీళ్ల మీద కూడా పడుతుంది. వీళ్లు చేసే పని మీద సాధారణంగా పన్నే ఉండదు. పన్నున్న సరుకు అమ్మే కంపెనీ అమ్మకం తగ్గదు, పన్ను లేని పొరుగువాడి సంపాదన తగ్గుతుంది. అందరూ ఒకేసారి ఖర్చు బిగబడితే ఊరి ఆదాయమే కుంగుతుందని ఆర్థికవేత్త కీన్స్ ప్రపంచ మాంద్యం నాటి అనుభవం మీద చెప్పిన మాట తెలిసిందే. తొర్రూరు బజారులో ఆ మాట మరింత వంకరగా పనిచేస్తుందన్నది గమనించాలి. తిండి సంగతికొస్తే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి, ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇది ఏదో ఒక పన్ను వల్ల వచ్చిందని ఎవరూ అనరు. అసలే ఇంత తక్కువలో ఉన్న పళ్లెంలోంచి పొదుపు చేయమని చెప్పడానికి ఎంత సాహసం కావాలో ఆ అంకెలు చెబుతాయి.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. మద్యం మానేస్తే సరిపోదా? ఆ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలోనే తెలంగాణ మగవాళ్లలో 43 శాతం మంది తాగుతారని ఉంది. 2025 ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం, మే నెలలో క్వార్టర్ సీసాకు పది రూపాయలు పెరిగింది. రోజుకొక క్వార్టర్ తాగే మనిషికి ఈ ఒక్క పెంపే నెలకు 300, అంటే ఇంటిల్లిపాదికీ నాలుగైదు డజన్ల గుడ్లు కాకపోయినా దగ్గరదగ్గర. పల్లెలో బెల్టు షాపు వాడు వేసుకునేది దీనికి అదనం. తర్కం ప్రకారం పొదుపు ఇక్కడే మొదలుకావాలి, ఇందులో నాకు సందేహం లేదు. కానీ ధర పెంచితే తాగుడు తగ్గుతుందన్న సూత్రం, మెక్సికోలో 2014లో తీపి పానీయాల మీద పన్ను వేశాక అమ్మకాలు, ముఖ్యంగా పేదల్లో, తగ్గిన తీరు చూసి ఇక్కడా పనిచేస్తుందనుకుంటే పొరపాటు. మెక్సికోలో పానీయం కొనేదీ, ఇంటి డబ్బు లెక్క చూసేదీ చాలావరకు ఒకే చేయి అయ్యుండవచ్చు. ఇక్కడ తాగే చేయి వేరు, సర్దుకునే చేయి వేరు. అధికారిక మద్యం ధర పెరిగితే గుడుంబా వైపు మళ్లడం పాత అలవాటు, మహబూబాబాద్ తండాల చుట్టూ నల్లబెల్లం మీద దాడుల వార్తలు ఆగిందెప్పుడు? ఇంటి లోపల ఒంటరిగా చేయలేని కోతను ఊరంతా కలిసి చేసిన ఉదాహరణ కూడా తెలుగునేల మీదే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. పన్ను మోసే వస్తువును రాష్ట్రమంతా మానేయాలని కోరిన సందర్భం మన చరిత్రలో అంత పెద్దది ఇంకొకటి లేదు. ఖజానాకు పడ్డ గండి ఎలా పూడ్చారు? 1996లో కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది, కరెంటు చార్జీలు పెరిగాయి. 1997లో నిషేధం సడలింది. ఒక పద్దులో ఇల్లు మిగుల్చుకున్నది సర్కారు ఇంకో పద్దులో రాబట్టుకుంది. అయినా ఆ స్త్రీలు ఓడిపోయారని నేననను. సీసా మీద పోయే డబ్బు బియ్యం మీద పోయినా ఇంటికి కడుపైనా నిండుతుంది. కుటుంబం పొదుపు చేస్తే ప్రభుత్వం ఊరుకుంటుందన్న భ్రమ మాత్రం ఉండకూడదు.

జనం ఖర్చు అసలు తగ్గలేదు కదా, పెరిగింది కదా అన్నది రెండో ఆక్షేపణ. జాతీయ గణాంక కార్యాలయం గృహ వినియోగ సర్వేలో తెలంగాణ గ్రామాల్లో తలసరి నెల ఖర్చు 2022-23లో 4,802 రూపాయలు, 2023-24లో 5,435. దేశ గ్రామీణ సగటు 4,122. నిజమే, కరువు సీమ అని పేరుపడ్డ జనగామ కూడా ఒకప్పటి జనగామ కాదు, చెరువుల్లో నీళ్లున్నాయి, యాసంగి వరి పండుతోంది. అయితే ఖర్చు పెరగడానికీ సుఖపడటానికీ తేడా ఉంది. దేశ గ్రామాల్లో మొత్తం ఇంటి ఖర్చులో ధాన్యాల వాటా అయిదు శాతానికి పడిపోయి, చిరుతిళ్లు, పానీయాలు, ప్యాకెట్ ఆహారం మీద పెట్టేది పది శాతానికి దగ్గరైంది. వైద్యం ఏడు శాతం, రాకపోకలు ఏడున్నర శాతం. చాలావరకు పన్ను ఎక్కువున్న పద్దులే పెరిగాయి. పన్ను పెరిగితే ఖర్చు తగ్గుతుందన్న సిద్ధాంతాన్ని ఇది తలకిందులు చేస్తుంది. పేదరికం నుంచి ఒక మెట్టు ఎక్కిన ఇల్లు పన్ను లేని జొన్నలూ నూకల నుంచి పన్నున్న ప్యాకెట్లోకి, నడక నుంచి పెట్రోలులోకి ఎక్కుతుంది. మెట్టు దిగాల్సి వచ్చినప్పుడు, 2025లో మిర్చి ధర కూలినట్టు పంట ధర కూలినప్పుడు, ఆ పన్నులు మాత్రం దిగవు. ఆదాయపు పన్ను రాబడితో పాటు తగ్గుతుంది. వ్యాట్‌కు ఆ దయ లేదు.

భూపాలపల్లిలో ఈ అసమానత ఒకే గని గేటు దగ్గర కనిపిస్తుంది. సింగరేణి 2024లో లాభాల్లో 33 శాతం, 796 కోట్ల రూపాయలు కార్మికులకు ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు, కాంట్రాక్టు కార్మికుడికి ఐదు వేలు. ఆదాయపు పన్ను మినహాయింపు పర్మినెంట్ కార్మికుల పాత డిమాండ్. 2025 బడ్జెట్లో కొత్త విధానం కింద 12 లక్షల దాకా పన్ను లేకుండా చేయడంతో వాళ్లలో చాలామందికి ఊరట దొరికింది. కాంట్రాక్టు కార్మికుడికి ఆ బడ్జెట్లో తగ్గేదేమీ లేదు, అతను కట్టే పన్ను ఆ రూపంలో ఉండదు కాబట్టి. పన్ను ఊరట అనే మాట కనిపించే పన్ను కట్టేవాళ్లకే వర్తిస్తుంది. చిట్టీ దగ్గరా అంతే. పాత వరంగల్ ప్రాంతంలో మధ్యతరగతి పొదుపంటే చాలావరకు చిట్టీలే. రిజిస్టర్డ్ చిట్‌ఫండ్ కమీషన్ మీద జీఎస్టీ 2022 జులైలో 12 నుంచి 18 శాతమైంది. లక్ష చిట్టీకి ఐదు వేలు కమీషన్ అనుకుంటే పన్ను 600 నుంచి 900కు పెరిగింది. ఈ 900 తప్పించుకోవడానికి వీధిలో నడిచే చీటీలో చేరినవాళ్లకు పన్ను తప్పుతుంది, చట్టం ఇచ్చే రక్షణ కూడా తప్పుతుంది.

పన్నుగా తీసుకున్నదానికంటే పథకాల రూపంలో ఇస్తున్నది ఎక్కువ కదా అన్న వాదన కూడా ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు, 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం, ఎకరానికి ఏడాదికి 12 వేల రైతు భరోసా, ఇవి చిన్నవేమీ కావు. సన్నబియ్యం వచ్చాక బియ్యం బస్తా కొనడమే మానేసిన ఇళ్లున్నాయి, 26 కిలోల లెక్క వాళ్లకిక అనవసరం. దేశం మొత్తం మీద మాత్రం గృహ వినియోగ సర్వేలో ఉచితంగా అందిన సరుకులకు విలువ కట్టి కలిపినా గ్రామీణ తలసరి ఖర్చు 4,122 నుంచి 4,247కే చేరింది, తేడా 125 రూపాయలు. అది సన్నబియ్యానికి ముందు లెక్క, తెలంగాణలో ఇప్పుడు ఇంకొంచెం ఎక్కువే ఉండవచ్చు. ఇంటి ఖర్చును నిజంగా తగ్గించేది ఇంకొకటుంది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటికి అనుబంధంగా ఉన్న ఆస్పత్రిలో స్కానింగు, మందులు, డాక్టరు ఉన్న రోజున ఒక ఇంటికి మిగిలేది ఏ పొదుపు చిట్కాతోనూ మిగలదు. వరంగల్‌లో ప్రైవేటు నర్సింగ్ హోము మెట్లెక్కితే ఒక్క పూటలో పోయేది ఎకరం పురుగుమందు పన్నును మించుతుంది. పన్నుకు జవాబుగా ఇల్లు చేయగలిగిన అతి పెద్ద పొదుపు, కట్టిన పన్నుతో నడిచే ఆస్పత్రిని, బడిని, బస్సును వాడుకోవడమే. అవి వాడదగినట్టు ఉండాలన్న షరతు ఉంది, ఆ షరతు నెరవేర్చడం ఇంటి చేతిలో లేదు.

మా తాతలు ఇంకా తక్కువలో బతకలేదా, సర్దుకోవడం మనకు చేతకావడం లేదంతే అనేవాళ్లూ ఉంటారు. ఈ మాట జనగామలో అనడం కష్టం. నిజాం కాలంలో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లెవీ ధాన్యం కింద పండినదాన్ని సర్కారు ధరకు పట్టుకుపోయారు. దేశ్‌ముఖ్‌లు తమ లెవీ ఎగ్గొట్టి ఆ భారం చిన్న రైతుల మీదికి తోశారు. వెట్టి, మామూళ్లు అదనం. సర్దుకోవడానికి ఇంట్లో ఇంకేమీ మిగలని స్థితి అది. సర్దుబాటు అక్కడ ఆగిపోయింది, రైతుల సంఘం వచ్చింది. 1946 జులై 4న జనగామ ప్రాంతంలోని కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలైంది ఆ సంఘం ఊరేగింపులోనే. ఆనాటి లెవీకీ నేటి జీఎస్టీకీ పోలిక పెట్టడం అతి అవుతుంది, నేనలా పెట్టడం లేదు. పొదుపుకు ఒక అడుగు ఉంటుందని, ఆ అడుగు తగిలాక దాన్ని సద్గుణంగా పొగడటం వల్ల లాభం లేదని మాత్రం ఆ చరిత్ర నుంచి తెలుసుకోవచ్చు.

ఇన్ని పన్నుల్లో ఇంటి పేరుతో రశీదు వచ్చేది ఒక్క ఇంటి పన్నే. మొత్తం చెల్లింపుల్లో బహుశా అతి చిన్నది, అరుపులు ఎక్కువ వినిపించేది దాని మీదే. బంకులో 49 రూపాయల గురించి నోరెత్తని మనిషి మున్సిపాలిటీ బిల్ కలెక్టర్‌తో తగవు పెట్టుకుంటాడు. అది తెలివితక్కువతనం అనిపించవచ్చు. కానీ ఈ డబ్బు ఏ డ్రైనేజీకి పోయింది, ఏ వీధిదీపానికి పోయింది అని అడిగే అవకాశమున్న పన్ను అదొక్కటే, అడిగితే జవాబు చెప్పాల్సిన మనిషి అదే ఊళ్లో ఉంటాడు. అడగడం నేర్పే పన్నును వసూలు చేసే పద్ధతిలో చిన్న సవరణ ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఏప్రిల్ 30 లోపు ఏడాది ఇంటి పన్ను మొత్తం కట్టేస్తే మున్సిపాలిటీలు 5 శాతం రాయితీ ఇస్తాయి. జీతగాళ్లు వాడుకుంటారు. జనగామ, మహబూబాబాద్ మున్సిపాలిటీల్లో ఊరంచున సాగు చేసుకునే ఇళ్లకు మాత్రం ఏప్రిల్లో వడ్లు ఇంకా కల్లంలోనో కొనుగోలు కేంద్రంలోనో ఉంటాయి, డబ్బు ఖాతాలో పడేసరికి మే నెల వస్తుంది. రాయితీ గడువు ఒక్క నెల జరిపితే, ఈ మూడు జిల్లాల్లో పన్ను కాలం పంట కాలంతో కలిసే చోటు ఒకటైనా ఉంటుంది.